అయ్యగారి లెక్క

రావులపాలెం అరటి మార్కెట్‌లో పొద్దు పొడవకముందే రోజు మొదలవుతుంది. లంక ఊళ్ల నుంచి, కాలువ గట్ల వెంబడి పల్లెల నుంచి గెలలు వచ్చి దిగుతాయి. కర్పూరం ఒకవైపు, చక్కెరకేళి మరోవైపు, అమృతపాణి, బొంత ఇంకోవైపు. గెలకు ఎన్ని అత్తాలున్నాయో, కాయ ఎంత ముదిరిందో కంటితోనే తూచేసే కొనుగోలుదారులు. వాళ్ల మాట పూర్తికాకముందే తల అడ్డంగా ఊపే రైతులు. ఎండెక్కేసరికి బేరాలు తెగుతాయి, లారీలు ఒడిశా వైపూ హైదరాబాదు వైపూ కదులుతాయి.

ఆ ఉదయపు ధరను ఎవరూ కాగితం మీద కట్టలేదు. అయినా అందులో చాలా లెక్క ఉంది. ఏడాది క్రితం ఎంతమంది పిలకలు నాటారు, నిరుడు ధర ఏం పలికింది, ఈ డబ్బులో రైతు ఎంత ఖర్చు పెడతాడు, ఎంత దాచుకుంటాడు, అప్పు మీద వడ్డీ ఎంత. ఒక ఊరి సంగతే ఇలా ఉంటే, కోట్ల ఇళ్లున్న దేశం సంగతేమిటి? ఆ మొత్తాన్నీ సమీకరణాలుగా రాసి విడదీయాలని ఆర్థికవేత్తలు తొంభై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. ఆ విద్యను ఇవాళ ఏ దేశపు విశ్వవిద్యాలయంలో నేర్చుకునే పరిశోధక విద్యార్థి అయినా మొదటి ఏడాదో రెండో ఏడాదో ఒక పేరు పలకక తప్పదు. ఆ పేరు ‘అయ్యగారి’. తెలుగువాళ్లకు అది పక్కవీధి ఇంటిపేరు.

కాలువలు, లాకులు

రావులపాలెం గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉంది. ఉత్తరాన గౌతమి మీద వంతెన దాటితే జొన్నాడ, పడమట వసిష్ఠ మీద వంతెన దాటితే సిద్ధాంతం. జాతీయ రహదారి ఈ రెండు వంతెనల మధ్య కోనసీమ అంచును తాకుతూ పోతుంది. అందుకే ఊరికి కోనసీమ ముఖద్వారమనే పేరు. వంతెనలు రాకముందు ఏ సరుకు అవతలి గట్టు చేరాలన్నా పడవే దిక్కు.

ఈ గడ్డ ఎప్పుడూ ఇంత పచ్చగా లేదు. 1832-33 నాటి నందన కరువు తీరాంధ్రను తుడిచిపెట్టింది. గోదావరి నిండుగా పారుతూనే ఉన్నా నీరంతా సముద్రంలో కలిసేది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి అది పూర్తయింది. వీణెం వీరన్న లాంటి స్థానికులు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా నిలిచిన ఆ కట్టడం నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచింది. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయలుదేరి, లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలి, కోనసీమలోకి దిగుతుంది.

లాకుల దగ్గర పనిచేసే లస్కరుకు సమీకరణాలు తెలియవు. తలుపు కాస్త ఎత్తి చూస్తాడు. దిగువన మట్టం ఎక్కువైతే దించుతాడు, తక్కువైతే ఇంకాస్త ఎత్తుతాడు. నాలుగైదు సార్లు సవరించేసరికి నీరు అనుకున్న గుర్తు దగ్గర నిలుస్తుంది. ఒక ఊహ, దాని ఫలితం, ఆ ఫలితాన్ని బట్టి ఇంకో ఊహ. స్థూల ఆర్థిక నమూనాలను కంప్యూటర్ మీద విడదీసే పద్ధతుల్లో సగానికి సగం ఇదే పని చేస్తాయి.

నీళ్ల యంత్రం

ఈ పోలికను నిజంగానే యంత్రంగా కట్టినవాడు ఒకడున్నాడు. న్యూజిలాండ్‌లో పుట్టిన బిల్ ఫిలిప్స్ ఇంజనీరుగా పనిచేసి, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్లకు ఖైదీగా చిక్కి, తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో విద్యార్థిగా చేరాడు. క్లాసులో గీసే వక్రరేఖలు అతనికి ఎక్కలేదు. దేశ ఆదాయం పారేదే కదా, దాన్ని పారించే చూపిస్తే పోలా అనుకున్నాడు. 1949లో వాల్టర్ న్యూలిన్ తోడ్పాటుతో లండన్ శివార్లలోని క్రాయిడన్‌లో ఒక గ్యారేజీలో నీళ్ల యంత్రం కట్టాడు. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, పారదర్శకమైన తొట్లు, గొట్టాలు, రంగు నీళ్లు. పైనుంచి దిగే నీరు జాతీయాదాయం. పక్కకు చీలే ఒక పాయ పన్ను, ఒకటి పొదుపు, ఒకటి దిగుమతి. పొదుపు తొట్టిలో మట్టం మారితే వడ్డీ రేటు మారుతుంది. వడ్డీ మారితే పెట్టుబడి తూము తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది.

దానికి మొనియాక్ అని పేరు వచ్చింది. అలాంటివి డజను పైగా తయారయ్యాయి. రెండు యంత్రాలను గొట్టాలతో కలిపి, ఒక దేశం పన్ను పెంచితే రెండో దేశంలో ఏమవుతుందో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ విద్యార్థులకు చూపించేవాడు. కేంబ్రిడ్జిలో ఒకటి ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంది. డెల్టా రైతును దాని ముందు నిలబెడితే పెద్దగా వివరించనక్కరలేదు. ఏది పంట కాలువో, ఏది మురుగు కాలువో తనే చూపిస్తాడు.

నీటికి ముందు కాగితం నడిచింది. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ టిన్‌బర్గెన్ 1936లో తన దేశపు ఆర్థిక వ్యవస్థను 24 సమీకరణాలుగా రాశాడు. ఒక దేశం మొత్తాన్ని అంకెలతో సహా అలా పట్టుకోవడం అదే మొదలు. అమెరికాలో లారెన్స్ క్లైన్, ఆర్థర్ గోల్డ్‌బర్గర్ 1955లో ప్రచురించిన నమూనా ఆ తరానికి పాఠ్యపుస్తకమైంది. దాన్ని ఐర్మా, ఫ్రాంక్ ఏడెల్మన్ దంపతులు ఐబీఎం 650 కంప్యూటర్‌కు ఎక్కించి, నూరేళ్ల పాటు ముందుకు నడిపారు. 1959లో వచ్చిన వాళ్ల వ్యాసంలో చిత్రమైన విషయం తేలింది. పాతిక సమీకరణాలను వాటి మానాన వదిలేస్తే ఎత్తుపల్లాలు లేకుండా సాఫీగా సాగిపోయాయి. మధ్యమధ్య గుడ్డి దెబ్బలు తగిలించేసరికి, అమెరికా చరిత్రలో కనిపించే పెరుగుదల, మాంద్యాల్లాంటి అలలు వాటంతటవే లేచాయి.

సమీకరణాలు వందలకు చేరాక అన్నిటినీ ఒక్కసారి విడదీయడం కుదరలేదు. అప్పుడు పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ గణితజ్ఞుల పేరు మోసే గౌస్-సైడెల్ పద్ధతి అక్కరకొచ్చింది. మొదటి సమీకరణంలో తెలియనివాటికి ఏదో ఒక విలువ ఊహించు, ఒక జవాబు తీసుకో, దాన్ని రెండోదాంట్లో వెయ్యి, అలా చివరిదాకా పోయి మళ్లీ మొదటికి రా. అంకెలు కదలడం మానేదాకా తిరుగు. లొల్ల లాకుల దగ్గర లస్కరు చేసేదీ ఇంతే.

కలకత్తా మీదుగా

తెలుగువాళ్లు ఈ విద్య గడప తొక్కింది కలకత్తా దారిలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 1941లో గణాంకవేత్త మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మనిషే. చేతితో తిప్పే లెక్క యంత్రం ముందు కూర్చుని, గంటల తరబడి కూడికలు, గుణకారాలు చేసే ఉద్యోగి. 1945లో రావు రాసిన వ్యాసం నుంచి పుట్టిన క్రామర్-రావు హద్దు, ఒక అంచనాకు ఎంతవరకు కచ్చితత్వం సాధ్యమో చెప్పేది, ఈనాటికీ ఏ నమూనాను అంచనా వేసినా వెనకాల కాపలా కాస్తుంది.

దేశంలోకి వచ్చిన తొలి డిజిటల్ కంప్యూటర్, బ్రిటన్‌లో తయారైన హెచ్‌ఈసీ-2ఎం, 1955-56లో ఆ సంస్థలోనే కుదురుకుంది. మహలనోబిస్ రంగాల నమూనా ఆధారంగా రెండో పంచవర్ష ప్రణాళిక 1956లోనే మొదలైంది. అదే ఏడాది ఎన్.వి.ఎ. నరసింహం భారతదేశానికి స్వల్పకాలిక ప్రణాళికా నమూనా ఒకటి పుస్తకంగా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వెలువరించాడు. టిన్‌బర్గెన్ దారిలో మన దేశం మీద జరిగిన తొలి ప్రయత్నంగా దాన్ని చెప్తారు.

ఇంకొకరి ప్రయాణం విశాఖపట్నం నుంచి నేరుగా ఈ కథ మధ్యలోకి వస్తుంది. జి.ఎస్. మద్దాల ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1955లో గణితం బి.ఏ., బొంబాయిలో 1957లో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. చేసి, ఫుల్‌బ్రైట్ వేతనం మీద షికాగో వెళ్లాడు. 1963లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆయన రాసిన ఎకనామెట్రిక్స్ పుస్తకాలు చదవకుండా ఆ సబ్జెక్టు దాటినవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో అరుదు. 1962లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో, ఇళ్లు మూడు నెలలకొకసారి లెక్క చూస్తే ఎంత ఖర్చు పెడుతున్నాయన్న అంచనాల మీద ఒక వ్యాసం వచ్చింది. దాని మీద నాలుగు పేర్లున్నాయి. గురువు జ్వీ గ్రిలికెస్, మద్దాల, రాబర్ట్ లూకాస్, నీల్ వాలెస్. చివరి రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి.

గెల ధర చెప్పిన పాఠం

పిలక నాటిన దగ్గర్నుంచి గెల కోతకు రావడానికి ఏడాది అటూఇటూ పడుతుంది. ఈ ఏడు ధర బాగుంటే అందరూ అరటే వేస్తారు. వచ్చే ఏడు మార్కెట్ గెలలతో నిండిపోయి ధర కూలుతుంది. దెబ్బ తిన్నవాళ్లు ఆపై ఏడు వెనక్కి తగ్గితే మళ్లీ ధర లేస్తుంది. ధరనూ పంటనూ కాగితం మీద గీస్తే సాలెగూడు ఆకారం వస్తుంది. 1930లలో కాల్డర్, ఎజికియెల్ అనే ఆర్థికవేత్తలు దీనికి సాలెగూటి సిద్ధాంతమనే పేరు స్థిరపరిచారు.

1961లో జాన్ మ్యూత్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దానికి అడ్డం తిరిగాడు. రైతు ప్రతి ఏడూ అదే తప్పు చేస్తాడంటే ఎలా నమ్మాలి? ఆ తిరుగుడు నాకు కనిపిస్తుంటే, నోట్లో ముద్ద ఆ ధర మీదే ఆధారపడ్డవాడికి కనిపించదా? కాబట్టి రాబోయే ధర మీద మనుషుల అంచనా, నమూనా స్వయంగా చెప్పే అంచనాతో సగటున సరిపోవాలి. మ్యూత్ మాట పదేళ్లు మూలన పడి ఉంది. దాన్ని దులిపి దేశ స్థాయికి ఎత్తింది మద్దాల సహాధ్యాయి లూకాస్.

1976లో లూకాస్ చేసిన విమర్శ పెద్దపెద్ద సమీకరణ నమూనాల పునాది కింద గొయ్యి తవ్వింది. కాలువకు నీళ్లు వంతులవారీగా వదులుతామని ప్రకటించారనుకుందాం. రైతు పాత అలవాటు ప్రకారం నాట్లు వేస్తాడా? వంతు చూసుకుని నారుమడి రోజులు మార్చుకుంటాడు. పాత రోజుల అంకెల నుంచి కట్టిన సమీకరణం కొత్త నియమం కింద తప్పు చెప్తుంది. అలాగే ప్రభుత్వం పన్నునో వడ్డీనో మార్చినప్పుడు జనం అలవాట్లూ మారతాయి. అందువల్ల నమూనాను అలవాట్ల మీద కట్టకూడదు, ఆ అలవాట్లను పుట్టించే కోరికలు, అవకాశాల మీద కట్టాలి.

చెప్పడం తేలిక. ఇప్పుడు సమీకరణంలో రేపు కూర్చుంది. ఇవాళ్టి నిర్ణయం రేపటి మీద, రేపటిది ఎల్లుండి మీద ఆధారపడుతుంది. గౌస్-సైడెల్ ఒక్కటే దీనికి చాలలేదు. రిచర్డ్ బెల్‌మన్ 1950లలో రూపొందించిన డైనమిక్ ప్రోగ్రామింగ్ చేతికొచ్చింది. దూరపు రోజుకు ఏదో ఒక విలువ ఊహించి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ, విలువలు మారడం ఆగేదాకా తిప్పడం అందులో కిటుకు.

1982లో ఫిన్ కిడ్‌లాండ్, ఎడ్వర్డ్ ప్రెస్కాట్ ఈ పనిముట్లతో ఒక నమూనా కట్టి, అమెరికా ఆర్థిక వ్యవస్థ ఎత్తుపల్లాలను దానితో పోల్చి చూపించారు. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఐతే ఆ నమూనాలో దేశమంతా ఒకే ఇల్లు. కోట్లమందికి బదులు ఒక ప్రతినిధి కుటుంబం కూర్చుని పని చేస్తుంది, తింటుంది, దాస్తుంది. లెక్క తేలడానికి చేసిన సర్దుబాటు అది. రావులపాలెం మార్కెట్‌లో ఒకే రైతు ఉంటే, వాడే కొనుగోలుదారు కూడా అయితే, బేరం ఎవరితో?

ఎవరి గెల వాళ్లది

ప్రెస్కాట్ ఉన్న మినియాపొలిస్‌లోనే, అక్కడి ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగంలో ఎస్. రావు అయ్యగారి పనిచేశాడు. మద్దాలతో 1962 వ్యాసంలో పేరు పంచుకున్న నీల్ వాలెస్, అప్పటికి డబ్బు సిద్ధాంతంలో పెద్ద పేరు, 1991లో అయ్యగారితో కలిసి ఒక వ్యాసం రాశాడు. విశాఖ నుంచి బయలుదేరిన తెలుగు లెక్కల దారి, షికాగో తోవలో ఒక మలుపు తిరిగి, ఇలా మరో తెలుగు ఇంటిపేరును తాకింది.

అయ్యగారి వేసుకున్న ప్రశ్న చాలా ఇంటి ప్రశ్న. ఊరంతా బాగున్నా ఒకడి తోటలో మాత్రం ఈదురుగాలికి చెట్లు నేలకూలుతాయి. ఇంకొకడికి జబ్బు చేస్తుంది. మూడోవాడికి ఆ ఏడు పట్టిందల్లా బంగారం. ఎవరి దెబ్బ వాళ్లది. దెబ్బ తిన్నవాడికి పరిహారమిచ్చే బీమా లేదు, కావలసినంత అప్పు పుట్టదు. అప్పుడు ఇల్లు చేసే పని ఒక్కటే, మంచి ఏడాది కాస్త ఎక్కువ దాచుకోవడం. అలా ప్రతి ఇల్లూ భయంతో దాచుకునే డబ్బంతా కలిస్తే దేశపు పొదుపు ఎంత పెరుగుతుంది? దానివల్ల వడ్డీ రేటు ఎంత తగ్గుతుంది?

జవాబు 1994 ఆగస్టు ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’ సంచికలో అచ్చయింది. పాతిక పుటల వ్యాసం. ట్రూమన్ బ్యూలీ ఈ ఆలోచనకు బీజం వేశాడు, మార్క్ హగ్గెట్ 1993లో దగ్గరి నమూనా కట్టాడు. అందుకే ఈ తరహా నమూనాలను ఆ ముగ్గురి పేర్లూ కలిపి పిలవడం వాడుక. ఐతే దేశపు యంత్రాలు, ఫ్యాక్టరీలు, వాటికి పెట్టుబడి అయ్యే పొదుపు, అన్నీ ఒక్క చూరు కింద నిలిపింది అయ్యగారి. తరగతి గదిలో నిలబడిందీ ఆ పేరే.

ఆయన లెక్క కట్టిన తీరు చూస్తే లాకులు గుర్తుకొస్తాయి. ముందు వడ్డీ రేటు ఒకటి ఊహించాలి. ఆ వడ్డీ ఉంటే ఒక్కో ఇల్లు ఏం చేస్తుందో బెల్‌మన్ పద్ధతిలో కనుక్కోవాలి. ఆదాయాన్ని అయ్యగారి ఏడు మెట్లుగా విడదీశాడు. ఏ మెట్టు మీదున్న ఇల్లు మరుసటి ఏడు ఏ మెట్టుకు పోయే అవకాశం ఎంతో ఒక పట్టిక. పొదుపు ఎంతున్నా, ఏ మెట్టు మీదున్నా, ఇవాళ ఎంత తినాలి, ఎంత దాచాలి అన్నదానికి జవాబు దొరికాక, ఇళ్లన్నీ ఏళ్ల తరబడి అలా నడిస్తే ఎవరి దగ్గర ఎంత పోగవుతుందో లెక్కిస్తారు. కొందరి దగ్గర నిండు తొట్టి, కొందరి దగ్గర అడుగున తడి. ఆ పంపిణీ ఇక మారకుండా నిలిచాక మొత్తం పొదుపు కూడతారు.

ఇప్పుడు బేరం. ఆ వడ్డీకి పరిశ్రమలు అడిగే పెట్టుబడి కంటే ఇళ్లు దాచింది ఎక్కువైతే, ఊహించిన వడ్డీ ఎక్కువన్నమాట. తగ్గించాలి. తక్కువైతే పెంచాలి. పై హద్దుకూ కింది హద్దుకూ సరిగ్గా మధ్య అంకె తీసుకుంటూ, ప్రతిసారీ తేడాను సగం చేసుకుంటూ పోతే, పదిహేను ఇరవై అడుగుల్లో వడ్డీ నిలుస్తుంది. మార్కెట్‌లో రైతూ కొనుగోలుదారూ బేరం తెంచుకునేది ఇంచుమించు ఇలాగే.

ఫలితం మాటకొస్తే, నిజానికి దగ్గరగా ఉండే అంకెలు వేస్తే, భయం వల్ల దేశపు పొదుపు రేటు మహా అయితే మూడు శాతం పాయింట్లు పెరుగుతుందని తేలింది. ఆదాయం మరీ ఎగుడుదిగుడైతే, ఒకసారి పట్టిన దురదృష్టం త్వరగా వదలకపోతే, పెరుగుదల చాలా ఎక్కువ. ఒక్కో ఇంటికి ప్రాణసంకటమైన విషయం దేశం మొత్తంలో కలిశాక ఇంత చిన్నదిగా తేలడం చూసి, నమూనా మనుషుల బాధను తక్కువ చేసిందనుకోవడం పొరపాటు. కూడిక వేరు, ఇల్లు వేరు. ఈ రెండూ ఒకే లెక్కలో కనిపించేలా చేయడమే ఆ వ్యాసం సాధించింది.

తరువాతి ఏళ్లలో పెట్టుబడి మీద పన్ను ఉండాలా, దేశానికి ఎంత అప్పు మంచిది అన్న ప్రశ్నలకు ఆయన ఇదే నమూనాను మళ్లించాడు. రెండో ప్రశ్న మీద ఎలెన్ మెక్‌గ్రాటన్‌తో కలిసి రాసిన వ్యాసం 1998లో వచ్చింది. అప్పటికి రచయితల్లో ఒకరు లేరు. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారిన కొద్దికాలానికే, 1997లో, యాభై ఏళ్లు నిండకుండానే అయ్యగారి కన్నుమూశాడు. టామ్ సార్జెంట్ తదితరులతో కలిసి చేసిన మరో పని 2002లో అచ్చయింది. మద్దాల కూడా కొన్నేళ్లు రోచెస్టర్‌లోనే పాఠాలు చెప్పాడు. 2009 నుంచి 2015 వరకు మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడిగా ఉన్న నారాయణ కొచ్చెర్లకోట, ఆ పదవి దిగాక చేరిందీ అక్కడికే.

తుపాను వస్తే

అయ్యగారి లెక్కలో ఒక సౌకర్యం ఉంది. ఒకడి గెల విరిగితే ఇంకొకడి గెల నిలుస్తుంది కాబట్టి ఊరి మొత్తం పంట ఏటా ఒకటే. కోనసీమకు ఆ సౌకర్యం ఎప్పుడూ లేదు. 1986 ఆగస్టులో గోదావరి లంకలను ముంచింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. అరటి తోట సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ రాత్రి ఎవరి దెబ్బ వాళ్లది కాదు. అందరిదీ ఒకటే దెబ్బ. నిన్నటిదాకా అప్పిచ్చిన పక్కింటివాడే ఇవాళ అప్పు వెతుక్కుంటున్నాడు.

అందరినీ ఒకేసారి తాకే దెబ్బను అయ్యగారి నమూనాలో పెడితే లెక్క పేలిపోతుంది. కారణం తేలికే. రేపటి వడ్డీ ఎంతో ఊహించాలంటే దేశంలో ఎవరి దగ్గర ఎంత ఉందో మొత్తం పంపిణీ తెలియాలి. బెల్‌మన్ దీన్నే కొలతల శాపమన్నాడు. ఏడు ఆదాయపు మెట్లు, రెండు వందల పొదుపు స్థాయిలు తీసుకుంటే 1,400 చోట్ల జవాబు వెతకాలి. భూమికి వంద స్థాయిలు చేరిస్తే 1,40,000. అప్పుకు ఇంకో వంద చేరిస్తే కోటీ నలభై లక్షలు. ఇక మొత్తం పంపిణీ అంటే అంతూపొంతూ ఉండదు.

1998లో పెర్ క్రూసెల్, ఆంథనీ స్మిత్ ఒక అడ్డదారి కనిపెట్టారు. ఇళ్లు మొత్తం పంపిణీని పట్టించుకోనక్కరలేదు, సగటు సంపద ఒక్కటి చూసుకుంటే చాలు, రేపటి అంచనా దాదాపు తప్పదు అని లెక్క కట్టి చూపించారు. ఊళ్లో ప్రతి ఇంటి గాదె తొంగిచూడకుండా, కమీషన్ కొట్టులో సరుకు ఎంత కదులుతుందో చూసి ధర పసిగట్టే వ్యాపారి తెలివి అది.

ఆపై ఈ శాఖ వేగంగా కొమ్మలు వేసింది. గ్రెగ్ కప్లన్, బెంజమిన్ మోల్, జొవాన్ని వియోలాంటె 2018లో, వడ్డీ రేటు మార్పు పేద ఇంటికి ఒకలా, ఉన్నింటికి ఒకలా తగులుతుందని అయ్యగారి తరహా ఇళ్లతోనే చూపించారు. 2022లో మోల్ బృందం, ఫ్రెంచి గణితజ్ఞుడు పియెర్-లూయీ లియోన్స్‌తో కలిసి, ఇదే నమూనాను నిరంతర కాలంలోకి మార్చి సెకన్లలో విడదీసే దారి వేసింది.

నేర్చుకునేవాడి బల్ల మీద

ఒకప్పుడు ఈ లెక్కకు పెద్ద బ్యాంకుల పరిశోధన విభాగాలే దిక్కు. ఫోర్ట్రాన్‌లో రాసి, రాత్రి మిషను మీద వదిలి, పొద్దున్నే వచ్చి చూసుకునేవారు. 1990లలో పారిస్‌లో మిషెల్ జూయార్ మొదలుపెట్టిన డైనేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, సమీకరణాలు మామూలుగా రాసిస్తే చాలు, తనే విడదీసి పెట్టింది. కేంద్ర బ్యాంకుల్లో అది ఇంటి వస్తువైపోయింది. ఐతే తేడా ఉన్న ఇళ్ల నమూనాలు అందులో సులువుగా ఇమడవు. అక్కడ విద్యార్థి చెమటోడ్చక తప్పదు. కెన్నెత్ జడ్ 1998లో రాసిన ‘న్యూమరికల్ మెథడ్స్ ఇన్ ఎకనామిక్స్’, లార్స్ యుంగ్‌క్విస్ట్, సార్జెంట్ 2000లో తొలిసారి వెలువరించిన ‘రికర్సివ్ మాక్రో ఎకనామిక్ థియరీ’ ఈ దారిలో మైలురాళ్లు. సార్జెంట్, జాన్ స్టాకర్స్కీ నడిపే క్వాంట్‌ఎకాన్ పాఠాలు పైథాన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒక పాఠం పేరు అయ్యగారి నమూనా.

అంటే ధవళేశ్వరం నుంచి దిగిన నీళ్లు పారే ఊళ్లో, ఇంటర్‌లో మాత్రికలు, సంభావ్యత చదివిన కుర్రాడికి, పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే, మినియాపొలిస్‌లో 1990ల తొలి ఏళ్లలో జరిగిన పని ఒక సాయంత్రం పనే. సాధారణంగా తడబడేది గణితం దగ్గర కాదు, క్రమం దగ్గర. ఇంటి నిర్ణయం లోపలి చక్రం, పంపిణీ మధ్య చక్రం, వడ్డీ బయటి చక్రం. లోపలిది నిలవకముందే బయటిది తిప్పితే జవాబు ఊగిసలాడుతూనే ఉంటుంది. బోదెలో నీరు కుదురుకోకముందే లాకు తలుపు మళ్లీ కదిపినట్టు.

మన డిగ్రీ కళాశాలల ఎకనామిక్స్ విభాగాల్లో స్థూల ఆర్థికశాస్త్రం నేటికీ ఎక్కువగా గీతల్లోనే సాగుతుంది. కంప్యూటర్ సైన్స్ గది పక్కనే ఉన్నా రెంటికీ తలుపు లేదు. అరటి తోట, కౌలు, చీటీ, తుపాను అన్నీ ఎరిగిన పిల్లలకు ఈ లెక్క పరాయిది కానక్కరలేదు. ఒక్క సెమిస్టరుకు ఈ ఒక్క నమూనా పెట్టి చూడాలి.

ప్రయత్నించేవాళ్లకు ఒక ఆనవాలు. అయ్యగారి వాడిన అంకెలతోనే మొదలుపెట్టండి. రేపటి రూపాయికి ఇవాళ ఇచ్చే విలువ 0.96, ఉత్పత్తిలో పెట్టుబడి వాటా 0.36, ఏటా అరుగుదల 0.08. ప్రతి ఇంటికీ నిండు బీమా ఉన్న లోకంలో వడ్డీ 4.17 శాతం దగ్గర, పొదుపు రేటు 23.67 శాతం దగ్గర నిలుస్తాయి. బీమా తీసేశాక మీ వడ్డీ దానికంటే తక్కువ, పొదుపు దానికంటే ఎక్కువ రావాలి. అలా రాకపోతే తప్పు మీ ప్రోగ్రాంలోనే ఉంది, లోపలి చక్రం దగ్గర మళ్లీ చూసుకోండి.